జవాబిచ్చే చక్రం

కిందటి వారం కోకాపేట గుట్ట మీద, వానాఫీసు గదిలో మనం ఆగిపోయాం. పన్నెండేళ్లుగా తాళం పడి ఉన్న గది అది. లోపల సిమెంటు దిమ్మకు బోల్టులతో బిగించిన పాత టెలిప్రింటర్ ఒకటుంది. బాలానగర్‌లో పాత ఇనుము వ్యాపారం చేసే బాలనర్సయ్య దాన్ని సర్కారు వేలంలో పాడుకున్నాడు. అక్కడి ఫ్యాక్టరీలో ఇంజినీరుగా ఉన్న పార్థసారథి దానికోసం అతని వెంటపడ్డాడు. ఓడలో పనిచేసే బావమరిది సింగపూర్ నుంచి ముక్కలుగా తెచ్చిస్తే, పార్థసారథి ఇంట్లో కూర్చుని అతికించుకున్న కంప్యూటర్ పెట్టె ఉంది. దానికి మీటలున్నాయి, ఎర్రదీపాలున్నాయి, నోరు లేదు. టెలిప్రింటర్‌ను దానికి నోరుగా పెట్టాలని అతని ఆశ. బోల్టులు తుప్పు పట్టి మిషను దిమ్మ మీంచి రాలేదు. అందుకని పెట్టెనే గుట్ట ఎక్కించాడు. కింది పొలంలోని మోటారు లైను నుంచి కరెంటు లాగి, రెంటికీ తీగలు కలిపాడు. మిషను గడగడ కొట్టింది. అర్థంపర్థం లేని అక్షరాల మధ్య కాగితం మీద ఒక పేరు పడింది. రుక్కమ్మ.

ఆ సమయానికి రుక్కమ్మ గడపలోనే నిలబడి ఉంది. ఈ మిషను దగ్గర కూర్చుని వాన లెక్కలు పట్నానికి పంపిన వీరేశం ఆమె పెనిమిటి. పన్నెండేళ్ల కింద ఒక ముసురు రోజు డ్యూటీకి గుట్టెక్కాడు. మళ్లీ దిగలేదు.

*

పోయినవాళ్లకు నీళ్లిడిచే పెత్రమాస రేపనగా, ఎండ రాళ్ల మీదికి వచ్చే వేళకు రుక్కమ్మ మళ్లీ గుట్టెక్కింది.

మిషనుకు ఎదురుగా కూర్చోలేదు. పక్కగా, గోడకు ఆనుకుని కూర్చుంది. వీరేశం అన్నం తినేటప్పుడు ఆమె అలాగే కూర్చునేది. చెంగు తడిపి మిషను తుడిచింది. మిషనంతా కాదు. కొట్టేవాడి మణికట్లు ఆనే అంచు ఒక్కటే తుడిచింది. అక్కడ రంగు పోయి ఇనుము నున్నగా తేలి ఉంది.

బయట గాలి లేదు. రాళ్ల సందుల్లో గునుగుపూలు తెల్లగా, కదలకుండా నిలబడ్డాయి. రోజూ ఆ గుట్ట మీద గువ్వలు కూసేవి. ఆ రోజు కూయలేదు. ఎందుకు కూయడం లేదో ఎవరూ అడగలేదు గాని, రుక్కమ్మ, పార్థసారథి, బాలనర్సయ్య ముగ్గురూ అప్పుడప్పుడూ కిటికీ వైపు చూశారు.

పార్థసారథి గుడివాడ వైపు మనిషి. మాట మెత్తన. బిగించాల్సిన స్క్రూ ఏదీ లేకపోయినా స్క్రూడ్రైవర్‌ను వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడు. రుక్కమ్మ తనవైపు చూసినప్పుడల్లా పెట్టె మీది దీపాల వైపు మొహం తిప్పుకున్నాడు.

“సారూ, ఇంకోపారి కొట్టిపియ్యరాదు. ఆయన ఇంక ఏమన్న అంటడేమో.”

“చూద్దామమ్మా. కొంచెం ఆగండి.”

“నిన్నటి సంది ఆగుమనే అంటున్నవు.”

బాలనర్సయ్య ఫ్లాస్కు మూత తిప్పి చాయ పోసుకుంటూ ఇద్దరినీ చూశాడు. ఇనుప సామాను కొనేవాడి చూపు అది. దేంట్లో ఎంత బరువుందో ఎత్తకుండానే తూస్తుంది. ఇంజినీరు కడుపులో ఒక మాట దాచుకున్నాడని అతనికి తెలిసిపోయింది.

కింద నుంచి కర్ర చప్పుడు వినిపించింది. రాయి మీద ఒక దెబ్బ, కాసేపు ఊపిరి, మళ్లీ ఒక దెబ్బ. కిష్టమ్మ ఎక్కి వస్తోంది. వీరేశం తల్లి. చంకలో మోదుగాకుల కట్ట, తొడిమలతో సహా. గడప దగ్గరికి వచ్చి కట్ట కింద పెట్టింది గాని లోపలికి అడుగుపెట్టలేదు.

“రుక్కీ, లే. ఇంటికి నడువు.”

“నేను రాను అత్తా.”

“రేపటికి పిండి విసరాలె, ఇల్లు అలకాలె. అయ్యగారికి చెప్పొచ్చిన. నా పెద్దకొడుకు నీళ్లిడుస్తనని ఒప్పుకున్నడు. అందరు ఒక దారిన ఉంటే నువ్వొక్కదానివి గుట్టెక్కి కూసుంటవా?”

“ఆయన నన్ను పిలిచిండు.”

“పిలవలేదని నేనన్ననా?” ముసలామె గొంతు పెరగలేదు. “పిలిచిండు గాబట్టే అంటున్న. దాహమైతుంది వానికి. బతికున్నోడైతే వాకిట్ల నిలవడి పిలుస్తడు. ఇనుములకెల్లి పిలుస్తడా?”

బాలనర్సయ్య లేచి జాగా చేశాడు. “పెద్దమ్మా, ఎండల ఎక్కొచ్చినవు. జర కూసో. చాయ ఉన్నది.”

“నీ చాయ నువ్వే తాగు కొడుకా. పాత ఇనుము కొన్నవంటే ఇనుమే కొన్నవనుకున్న. నా బిడ్డను గూడ అండ్లనే తూకమేసి కొన్నవని నాకేం తెలుసు?”

బాలనర్సయ్య గ్లాసు కింద పెట్టాడు.

ఆకుల కట్ట ఎందుకో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. పోయినవాడి జాడ పన్నెండేళ్లు తెలియకపోతే, మోదుగు తొడిమలతో మనిషంత బొమ్మ కడతారు. చేతులు, కాళ్లు తొడిమలతోనే. తలకు టెంకాయ. పేరు పెట్టి పిలిచి, పాడె మీద పండబెట్టి కాలుస్తారు. బొమ్మ కాలాక బావి దగ్గర పెళ్లాం గాజులు పగలగొట్టి, పుస్తె తెంపి, మట్టెలు తీస్తారు. అప్పుడే పోయినవాడికి ఇంటివాళ్ల చేతి నీళ్లు అందుతాయి. లేకపోతే ఎక్కడివాడు అక్కడే, ఎండలో, అలాగే ఉంటాడు.

కిష్టమ్మకు కొడుకు గొంతు తడవాలి. రుక్కమ్మకు మొగుడు చావకూడదు. ఇద్దరూ వీరేశం కోసమే పట్టుపట్టారు. అందుకే ఆ పట్టు సడలేది కాదు.

“గుట్ట కింది మోదుగుకాడికి పోతే, మొదట్ల మన్నంత తోడేసి వేర్లకు నార వలిచిండ్రు ఎవరో,” అంది కిష్టమ్మ, ఎవరితోనో కాదు, తనలో తాను. “ఏ గొర్లోడో ఏమో. చెట్టు సచ్చిపోతదని సోయి లేదు.” కొంగుతో మెడ తుడుచుకుని మళ్లీ కోడలి వైపు తిరిగింది. “ఇన్నేండ్లు నిన్ను ఒక్క మాటన్ననా పిల్లా? పోనీ, రేపొద్దన్న పోనీ, వస్తడేమో అని నేను గూడ తలుపు ఓరగనే పెట్టిన. ఇగ నాతోని కాదు. నేను పోకముందు వానికి నీళ్లు పోసి పోవాలె. నాకు కొడుకు వాడు.”

“నీకు కొడుకైతే నాకెవ్వరు అత్తా?”

పార్థసారథి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

“అమ్మా, మీరిద్దరూ ఒక్కసారి ఇటు రండి. నేను నిన్న సాయంత్రమే చెప్పాల్సిందండి. నోరు రాలేదు.”

కిష్టమ్మ గడప దాటింది. కొడుకు పనిచేసిన గదిలోకి ఆమె రావడం అదే మొదటిసారి.

“ఇలాంటి మిషన్లు దూరం నుంచి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయండీ. అవతల ఎవరున్నారో తెలియాలి కదా. దానికో మీట ఉంది. అది నొక్కితే ‘ఎవరు నువ్వు’ అని అడిగినట్టు. ఇక్కడ గదిలో మనిషి లేకపోయినా సరే, మిషనే తన పేరు కొట్టి పంపిస్తుంది. ఎవరూ కొట్టక్కర్లేదు.”

“అంటే?” అంది రుక్కమ్మ.

“నా పెట్టెకి ఉన్న అక్షరాలన్నీ వరసగా పంపమని చెప్పానమ్మా. మిషను సరిగ్గా కొడుతుందో లేదో పరీక్షకి. ఆ వరసలో ఈ ప్రశ్న కూడా వెళ్లిపోయింది. నాకు తట్టలేదు. ఈ మిషన్ని మా పెట్టె ఎవరు నువ్వని అడిగింది. ఇది చెప్పింది.”

అతను మిషను పక్క మూత ఎత్తాడు. లోపల నూనె ఎండిపోయిన వాసన. ఒక ఇరుసు మీద గుప్పిట్లో పట్టేంత చక్రం ఉంది. దాని ఒంటి నిండా దువ్వెన పళ్లలాంటి పళ్లు, వరసలు వరసలుగా.

“ఒక్కో వరస ఒక్కో అక్షరం. ఏ పన్ను ఉంచాలో, ఏ పన్ను తీసేయాలో లెక్క ఉంటుంది. ఇందులో ఈ ఆఫీసు పేరు ఉండాలండి. ఎవరో పాత పళ్లన్నీ పీకేసి కొత్తవి వేసి, మీ పేరు కత్తిరించి పెట్టారు.”

“ఎవరో ఏంది సారూ,” అంది రుక్కమ్మ నెమ్మదిగా. “ఆయనే.”

పార్థసారథి పెట్టె మీద మీట వేశాడు. ఎర్రదీపాలు అటూ ఇటూ పరుగెత్తాయి. మిషను అక్షరాలు కొట్టుకుంటూ పోయి, ఒకచోట ఆగింది. మూత తీసి ఉంది కనుక ఈసారి అందరికీ కనిపించింది. చక్రం గిర్రున ఒక చుట్టు తిరిగింది. కాగితం మీద పేరు పడింది. నిన్నటి పేరే. నిన్నటిలాగే.

ముందుగా బాలనర్సయ్యకే తట్టింది.

“అంటే పట్నంల ఆఫీసరు రోజు పొద్దుగాల ఎవరు నువ్వని అడిగితే, ఇక్కడికెల్లి రుక్కమ్మ, రుక్కమ్మ అని పోయేదన్నట్టు!” తొడ చరుచుకోబోయి ఆగాడు. “ఏం మొగడు దొరికిండు చెల్లె నీకు.”

రుక్కమ్మ నవ్వింది. పెదవి ఒక పక్కకు పోయి, అక్కడే నిలిచింది. నవ్వు పోయిన తర్వాత కూడా పెదవి అలాగే ఉండిపోయింది.

పార్థసారథి చక్రాన్ని ఇరుసు నుంచి లాగి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. తన పేరు ఆమెకు చదవరాదు. వేలితో తడిమింది. ఉన్న పళ్లు, లేని పళ్లు.

“ఏదీ, ఇటు తే,” అంది కిష్టమ్మ.

ముసలి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. పళ్లు విరిచిన చోట అంచులు సాఫుగా లేవు. ప్రతి గాటు పక్కనా ఒక చిన్న గీత ఉంది, పంటికొన తగిలినట్టు. అన్నింటికీ అదే వైపు, అదే గీత. ఆమె గోరు ఆ గీత మీద ఆగింది.

“ఇది నా అడకత్తెర.”

“ఏందత్తా?”

“నా అడకత్తెర పిల్లా. అలుగు మీద చిన్న పెచ్చు లేచి ఉండె. వక్క కొరికితే పక్కకు గిట్లనే గీత వడేది.” ఆ గీతను మళ్లీ గోరుతో తడిమింది. “నా తల్లిగారు పెట్టింది. కనవడకపోతే నువ్వే పారేసినవని ఎన్ని మాటలన్న నిన్ను. నడివాడల నిలబెట్టి అన్న. వాడు పక్కనే బుద్ధిమంతుని లెక్క నిలవడి విన్నడు. దొంగముండకొడుకు. నీ పేరు చెక్కనీకే నా అడకత్తెర ఎత్తుకపోయిండు.”

కొడుకును తిట్టిన ఆ ఒక్క తిట్టుతో ఆమె పట్టు జారింది. గోడకు చెయ్యి ఆనించి, కోడలి పక్కన కింద కూర్చుంది. ఇద్దరి మధ్య చక్రం ఉంది.

రుక్కమ్మే అంది. “అయితే పిలవలేదన్నట్టు.”

చక్రం పళ్ల మీద వేలు ఆనించింది.

“పోయేముందు పెట్టిపోయిన పేరు. ఇన్నేండ్లు అట్లనే ఉన్నది. అడిగిన దినం చెప్పింది.” ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. “రేపు కానియ్యి అత్తా. ఆయనకు నీళ్లియ్యి. ఇది మాత్రం బొమ్మ మీద పెట్టి కాల్చొద్దు. నాకియ్యి.”

“ఉంచుకో బిడ్డా.”

తేలిపోయింది. పార్థసారథి పెద్ద ఊపిరి వదిలాడు గాని అందులో తేలిక లేదు. నిజం చెప్పి ఒక ఆడమనిషి పుస్తె తెంపించబోతున్నానని అతనికి అర్థమైంది. ఇక ఆ గదిలో ఉండబుద్ధి కాలేదు. పెట్టె సర్దుకుని దిగిపోదామనుకున్నాడు.

“తీగలు విప్పుతున్నానండీ. గోల చేస్తుంది, జడుసుకోకండి. లైన్లో కరెంటు ఉన్నంతసేపే ఇది నోరు మూసుకుంటుంది. లైను తెగిందా, ఒకటే కొట్టుకుంటుంది. కాగితం మీద ఏం పడదు, ఉత్త చప్పుడు.”

“నాకెందుకు తెల్వదు,” అన్నాడు బాలనర్సయ్య. “మొదటినాడు నువ్వు పెట్టె కలపకముందు మోటరేస్తే ఎట్ల కొట్టుకున్నది? దున్నపోతు తొక్కులాడినట్టే. నేను బయటికి ఉరికిన. ఆ ఉరుకుడుల చెప్పు గూడ తెగింది.”

మిషను నుంచి బయలుదేరిన తీగలన్నీ గోడ మీది చెక్కకు చేరతాయి. ఆ చెక్క మీద పాత స్క్రూలు రెండు. వాటికే పార్థసారథి తన పెట్టె తీగలు తగిలించాడు. అదే స్క్రూల నుంచి నాటి లైను తీగలు గోడ కన్నం గుండా బయటికి పోయాయి. ఆ లైను స్తంభాలు ఎప్పుడో పడిపోయాయి, రాగి తీగ దొంగలు చుట్టుకుపోయారు. ఎటూ పోని తీగలను విప్పడం దేనికని అతను వాటిని అలాగే వదిలేశాడు.

ఇప్పుడు తన తీగలు రెండూ విప్పాడు. లైనుకు కరెంటు ఇవ్వడానికి తాను పెట్టిన బ్యాటరీ తీసి పక్కన పెట్టాడు.

మిషను కొట్టుకోలేదు.

అతను మిషను మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. తిరుగుతూనే ఉంది. సన్నగా, పెద్ద తుమ్మెద దూరంగా తిరిగినట్టు. స్క్రూలు చూశాడు. తన చేతిలోని తీగలు చూశాడు. మిషను బుద్ధిగా, ఎవరో చెప్పేది వినేవాడిలా కూర్చుంది.

“ఏంది సార్, గోల అన్నవు?” అన్నాడు బాలనర్సయ్య.

“చేయాలండి. చేసి తీరాలి.”

“చేస్తలేదు గద, మంచిదే గద.”

“మంచిది కాదండీ.” పార్థసారథి గొంతు తగ్గించాడు. “లైన్లో కరెంటు ఉంటేనే ఊరుకుంటుందన్నాను కదా. నా కరెంటు నేను తీసేశాను. మొదటిరోజు కొట్టుకుంది. ఇవాళ కొట్టుకోవడం లేదు. అంటే ఈ రెండుమూడు రోజుల్లో ఈ లైను అవతలి కొన ఎవరో పట్టుకున్నారండి.”

బాలనర్సయ్య గోడ కన్నం వైపు చూశాడు. తర్వాత చెప్పులు తొడుక్కున్నాడు.

“తీగలేని లైనుకు కొన ఏడుంటది సార్? ఆగు, చూసొస్త.”

అతను బయటికి పోయాడు. కంకర మీద చెప్పుల చప్పుడు గది వెనక్కి తిరిగింది. తర్వాత రాళ్ల మీదికి పోయి వినిపించకుండా పోయింది. గదిలో ముగ్గురే మిగిలారు. మిట్టమధ్యాహ్నం. నీడలన్నీ రాళ్ల కిందికి పోయాయి. ఎండ తెల్లగా, సున్నం కొట్టినట్టుంది.

ముందు రుక్కమ్మ చూసింది.

“సారూ, అది తిరిగింది.”

మూత ఇంకా తెరిచే ఉంది. చక్రం తీసేసిన ఇరుసు వట్టిగా, గిర్రున ఒక చుట్టు తిరిగి ఆగింది. చక్రం రుక్కమ్మ ఒళ్లో ఉంది. కొట్టడానికి ఏమీ లేదు. కాగితం తెల్లగా ఉండిపోయింది.

పార్థసారథి పెదవులు తడుపుకున్నాడు. “ఎవరో అడుగుతున్నారు.”

“ఏమని?”

“ఎవరు నువ్వని.”

ఆమె లేవబోయింది. కిష్టమ్మ ముంజేయి పట్టుకుంది. ఆ ముసలి వేళ్లలో అంత బలం ఉందని రుక్కమ్మకు అప్పటిదాకా తెలియదు.

“పలకకు. కనవడనోడు పిలిస్తే మొదటి పిలుపుకు పలకొద్దు, రెండోదానికి గూడ పలకొద్దు. పలికితే ఎంట వస్తది. మనిషైతే మూడోపారి పిలుస్తడు. వేరేదైతే పిలవది.”

“ఇది మిషనండీ,” అన్నాడు పార్థసారథి. అంటూనే వెనక్కి జరిగాడు.

వాళ్లు ఎదురుచూశారు. మోటారు తుమ్మెదలా తిరుగుతోంది. కిటికీలోంచి గునుగుపూలు కనిపిస్తున్నాయి, కదలకుండా.

ఇరుసు మళ్లీ తిరిగింది. గిర్రున, ఒక చుట్టు.

“రెండు,” అంది కిష్టమ్మ.

రుక్కమ్మ ఒళ్లోని చక్రాన్ని చూసుకుంది. అది ఒళ్లో ఉన్నంతసేపు ఎన్నిసార్లు అడిగినా జవాబు పోదు. అడిగేవాడు అడిగి అడిగి, ఇక్కడ ఎవరూ లేరనుకుంటాడు. ఆమె ఇంకో చేత్తో అత్త వేళ్లను ఒక్కొక్కటే విడిపించింది.

“మూడోపారి పిలిస్తే పలకాలె గద అత్తా?”

“పిలిస్తే గద.”

“పలుకనీకె దీనికి నోరుండాలె గద.”

ఆమె లేచి మిషను దగ్గరికి వెళ్లింది. ఇంజినీరు లాగింది చూసింది కనుక ఎలా పెట్టాలో తెలుసు. ఇరుసుకు గాడి ఉంది, చక్రానికి గాడిలో కూర్చునే మేకు ఉంది. తోసింది. టక్కున కూర్చుంది. ఆ వెంటనే రెండు చేతులూ వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది. పార్థసారథి ఆపలేదు. ఆపాలో వద్దో అతనికి తెలియలేదు.

చాలాసేపు చక్రం కదలలేదు. కిష్టమ్మ కళ్లు మూసుకుంది. మూడో పిలుపు రావాలని కోరుకుంటోందో, రాకూడదని కోరుకుంటోందో, ఆమె మొహంలో తెలియలేదు.

చక్రం తిరిగింది.

సుత్తులు లేచి కాగితం మీద పడ్డాయి. రుక్కమ్మ. ఈసారి వెనకా ముందూ పిచ్చి అక్షరాలేవీ లేవు. తెల్లకాగితం మధ్యలో ఆ పేరు ఒక్కటే.

అవతల ఎవరికో ఆ జవాబు చేరింది. చేరిందని మిషనే చెప్పింది. కాసేపు ఆగి, కొట్టడం మొదలుపెట్టింది. పెట్టె కొట్టించినప్పటి గడగడ కాదు అది. ఒక అక్షరం, ఒక ఆలోచన, ఇంకో అక్షరం. కొట్టి చాలాకాలమైన చేతులు మీటలు వెతుక్కుంటున్నట్టు. రెండు అక్షరాలు తప్పు పడ్డాయి. వాటిని వదిలేసి ముందుకు పోయింది. పోయి, ఆగింది.

పార్థసారథి వంగి చదివాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. మొదటిసారి చదివి తల ఎత్తలేదు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

“ఏందయ్యా?” అంది కిష్టమ్మ. “చదువు.”

“అమ్మా…”

“చదువు బిడ్డా. ఏదైతే గదాయె.”

“‘అడకత్తెర నా కాడ ఉన్నదని అమ్మకు చెప్పు’ అని ఉందండి.”

కిష్టమ్మ చేతిలోంచి కర్ర జారి, గచ్చు మీద పడి, దొర్లి గోడకు తగిలి ఆగింది. ఎవరూ తీయలేదు.

అడకత్తెర మాట ఆ గదిలో పుట్టింది ఇందాకే. నలుగురి మధ్యే. దాన్ని ఎవరూ మిషన్లో కొట్టలేదు. అప్పుడు మాట్లాడిన నాలుగో మనిషి ఇప్పుడు బయట ఉన్నాడు. కొట్టింది అతనేనేమోనని పార్థసారథికి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. అది వచ్చినంతలోనే బాలనర్సయ్య గడపలో నిలబడ్డాడు. ముళ్లకంపలో పడి లేచినవాడిలా ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. చాయ అంగడి దగ్గర ఊరంతటినీ నవ్వించే మనిషి మొహంలో రంగు లేదు.

“పట్నం దిక్కు తీగ లేదు సార్. స్తంభాలు లేవు. అది నిజమే.” ఊపిరి తీసుకున్నాడు. “గోడకెల్లి వచ్చిన తీగ అటు పోతలేదు. ఎన్కకు తిరిగింది. పడమటికి, రాళ్లల్లకు. కొత్తగ ముడేసిండ్రు. నేలకు తగలకుంట రాయి రాయికి కట్టుకుంట పోయిండ్రు. పెద్ద రాళ్లకాడికి పోయిన. ఇగ సందుల దూరబుద్ధి కాలె.”

అతను గుప్పిట తెరిచాడు. తీగను రాయికి కట్టిన కట్టు ఒకటి తెంపుకొచ్చాడు. నార. ఇంకా ఎండలేదు. వేలు ఒత్తితే తడి తగిలేంత పచ్చిగా ఉంది.

కిష్టమ్మ దాన్ని చూసి, గడపలో పెట్టిన తన ఆకుల కట్టను చూసింది. మోదుగు వాసన రెండింటిదీ ఒకటే. పొద్దున చెట్టు మొదట్లో మన్ను తోడి ఉన్న చోట ఆమె కాలు పెట్టింది. ఆ తడిమన్ను ఇంకా ఆమె మడమకు అంటే ఉంది.

ఆమె వంగి ఆకుల కట్ట ముడి విప్పింది. తొడిమలు గడపలో చెదిరిపోయాయి.

“ఇగ రేపు లేదు రుక్కీ,” అంది. “బొమ్మ లేదు.”

రుక్కమ్మ ఆ మాటకు సంతోషపడలేదు. రెండు చేతులూ కొంగులోనే ఉన్నాయి. కిటికీలోంచి పడమటి రాళ్లను చూస్తోంది. అక్కడి నుంచి ఊరికి కేకేస్తే వినపడే దూరం. పొద్దున కోడి కూస్తే అక్కడికి వినిపిస్తుంది. ఆమె పిల్లల్లేని ఇంట్లో ఒంటరిగా ఏడ్చిన రోజున, గాలి అటు ఉంటే, ఆ ఏడుపు కూడా వినిపించేది.

“బతికే ఉన్నడు,” అంది. “మంచిదే. మరి ఇంత దగ్గర ఉండి, ఇన్నేండ్లు ఇంటికెందుకు రాలె?”

అత్తను అడగలేదు, ఇంజినీరును అడగలేదు. గాలిలోకి, మెల్లగా, పక్కనున్నవాళ్లకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా అంది.

ఆ ప్రశ్న ఎవరూ మిషన్లో కొట్టలేదు.

మిషను జవాబు కొట్టడం మొదలుపెట్టింది.